ఇసుక తీరాల జమాఖర్చు

ఇసుక తీరం కోతకు గురవుతోందన్న వార్త వచ్చినప్పుడల్లా ముందుగా వినిపించే మాట రాతి గోడ కట్టాలన్నదే. ఇళ్లు, రోడ్లు కళ్ల ముందే కూలుతున్నప్పుడు ఎవరైనా అదే కోరుకుంటారు, ఆ భయాన్ని నేను తక్కువ చేయను. అయితే గోడ ఎంత ఎత్తుండాలో తేల్చే ముందు, ఆ తీరానికి ఇసుక ఎక్కడి నుంచి వస్తోంది, ఎటు పోతోంది, దారిలో ఏది దానిని ఆపుతోంది అన్న జమాఖర్చు వేసుకోవాలని గట్టిగా నమ్ముతాను.

తీరం కదిలినంత మాత్రాన అది నష్టం కాదు. తుపాను వేళ నిటారుగా లేచే అలలు ఒడ్డున ఉన్న ఇసుకను లాగి, కొంత దూరంలో నీటి అడుగున మేటగా వేస్తాయి. తరువాత వచ్చే అలలు ఆ మేట మీదే విరిగిపోవడం వల్ల ఒడ్డుకు తగిలే దెబ్బ తగ్గుతుంది. సముద్రం శాంతించాక అదే ఇసుకలో ఎక్కువ భాగం వారాలు, నెలల వ్యవధిలో తిరిగి ఒడ్డుకు చేరుతుంది. ఒడ్డు వెనుక ఉండే ఇసుక దిబ్బలు ఈ రాకపోకలకు నిల్వ వంటివి. వాటిని చదును చేసి భవనాలు కట్టిన చోట ఒక్క తుపానుకే తీరం కోలుకోలేనంత దెబ్బ తినవచ్చు. 1984 నుంచి 2016 వరకు తీసిన ఉపగ్రహ చిత్రాల పరిశీలనలో ప్రపంచంలోని ఇసుక తీరాల్లో సుమారు 24 శాతం ఏడాదికి అర మీటరుకు మించి వెనక్కి జరుగుతున్నాయనీ, 28 శాతం ముందుకు పెరుగుతున్నాయనీ తేలింది.

అసలు చిక్కు తీరం వెంబడి సాగే ప్రవాహంతో వస్తుంది. అలలు ఏటవాలుగా వచ్చినప్పుడు ఇసుక రేణువు ఏటవాలుగానే ఒడ్డు ఎక్కుతుంది, కానీ దిగేటప్పుడు వాలు వెంట నేరుగా జారుతుంది. ఇలా అడుగడుగునా పక్కకు జరుగుతూ కొన్ని తీరాల్లో ఏటా లక్షల ఘనపు మీటర్ల ఇసుక ప్రయాణిస్తుంది. ఆ దారికి అడ్డంగా జెట్టీ, అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి చొచ్చుకెళ్లే రాతి గోడ, కట్టగానే ఒకవైపు ఇసుక మేటలు వేస్తుంది, రెండోవైపు తీరం కోసుకుపోతుంది. అమెరికాలోని ఓషన్ సిటీ వద్ద 1933 నాటి తుపాను తెరిచిన సముద్రపు పాయను పూడిపోకుండా నిలబెట్టడానికి జెట్టీలు కట్టాక, దక్షిణాన ఉన్న అస్సటీగ్ ద్వీపపు ఉత్తర భాగం వెనక్కి జరుగుతూ పోయింది. నదుల మీద కట్టే ఆనకట్టలు ఇసుకను పుట్టినచోటే ఆపేస్తాయి. 1970లో అస్వాన్ హై డ్యాం పూర్తయ్యాక నైలు డెల్టాలోని రొసెట్టా కొన వేగంగా కోతకు గురైంది.

ఆస్ట్రేలియాలోని ట్వీడ్ నదీముఖం వద్ద 1960ల్లో సముద్రంలోకి సాగే గోడలను పొడిగించిన తరువాత ఉత్తరాన ఉన్న బీచ్‌లు సన్నబడ్డాయి. 2001 నుంచి అక్కడ గోడకు దక్షిణాన చేరే ఇసుకను పంపులతో తోడి, పైపుల ద్వారా నది అవతలికి పంపుతున్నారు. ఏడాదికి సుమారు 5 లక్షల ఘనపు మీటర్లు సహజంగా సాగే మార్గానికే తిరిగి చేరుతుందన్న మాట. తొలి ఏళ్లలో పాత బాకీ తీర్చడానికి ఎక్కువ పంపడంతో కిర్రా బీచ్ మరీ వెడల్పై, అలల తీరు మారిందని సర్ఫర్లు అభ్యంతరపెట్టారు. ఎంత ఇసుక చేర్చాలన్నది ఎంత ముఖ్యమో, ఏ వేగంతో చేర్చాలన్నదీ అంతే ముఖ్యమని ఈ అనుభవం చెబుతోంది.

ఒడ్డు వెంబడి కట్టే రాతి గోడ తన వెనుక నేలను కాపాడుతుంది, ముందున్న బీచ్‌ను కాదు. తీరం వెనక్కి జరుగుతూనే ఉంటే బీచ్ గోడ దాకా కరిగిపోతుంది, గోడ చివర్ల పక్కన కోత పెరుగుతుంది. నెదర్లాండ్స్ 1990లో తన తీరరేఖను ప్రధానంగా ఇసుక పోసి నిలబెట్టాలని నిర్ణయించింది. 2011లో హేగ్ సమీపాన సుమారు 2.15 కోట్ల ఘనపు మీటర్ల ఇసుకను ఒకేచోట పోసి, దానిని తీరం పొడవునా పంచే పనిని గాలికీ అలలకూ వదిలింది. ఇసుక పోయడం కూడా ఒకసారితో తీరే పని కాదు. పైగా స్థానిక ఇసుక కన్నా సన్నని రేణువులు పోస్తే అవి త్వరగా కొట్టుకుపోతాయి.

నన్ను ఎక్కువగా బాధించేది రేవుల వద్ద పూడికగా తీసిన మంచి ఇసుకను లోతైన సముద్రంలో పారబోయడం. అలలు కదిలించలేని లోతుకు చేరిన ఇసుక ఆ తీరానికి తిరిగి రాదు. కాలుష్యం లేని ఇసుకనైతే, ప్రవాహం సాగే దిశలో రేవు అవతల, అలలకు అందే లోతులోనే వేయాలి. ఈ షరతు రేవు నిర్మాణానికి ఇచ్చే అనుమతిలోనే ఉండాలి, దాని ఖర్చు ఏటా రేవు నిర్వహణ ఖర్చులో భాగం కావాలి.