24 వేల కిలోమీటర్ల దగ్గర మా యాక్టివా సర్వీసింగ్

హన్మకొండ నుంచి హసన్‌పర్తి వైపు రోజూ బడికి తీసుకెళ్లే బండి నాది. యాక్టివా 5జీ, కార్బురేటర్ ఉన్న పాత రకం. కరీంనగర్ రోడ్డును నాలుగు వరుసలు చేసే పనులు మొదలైనప్పటి నుంచి మా దారిలో దుమ్ముకు కొదవలేదు. మీటరు 24 వేలకు దగ్గర పడుతుంటే డిక్కీలో పడున్న మాన్యువల్ తీసి చూశాను. ఆయిల్ మార్పించి, కడిగించి తెచ్చుకుంటే సరిపోయే సర్వీసింగ్ కాదిది. ఇంజన్ తిప్పుడును వెనక చక్రానికి అందించే బెల్టును మార్చాల్సింది ఈ అంకె దగ్గరే.

ఫ్రీ సర్వీసులు అయిపోయాక నేను మా వీధి చివరి మెకానిక్ దగ్గరికే వెళ్తున్నాను. పెద్ద సర్వీస్ సెంటర్లలో బండి లోపలికి పోతుంది, మనం బయట కుర్చీలో కూర్చుంటాం. బిల్లులో పాలిష్ ఉంటుంది, కోటింగ్ ఉంటుంది. ఏం విప్పారో, ఏం విప్పలేదో తెలియదు. ఇక్కడైతే స్టూలు లాక్కుని పక్కనే కూర్చోవచ్చు, అడగాల్సింది అడగొచ్చు.

ముందురోజు ఫోన్ చేస్తే, "పొద్దున్నే తీస్కరండి మేడం, లేటైతే టాపెట్ పని కాదు" అన్నాడు. ఆ మాటలో పెద్ద విషయమే ఉంది. ఇంజన్ ఆయిల్ వేడి మీదే దించాలి, అప్పుడే పల్చబడి అడుగు మడ్డితో సహా కారిపోతుంది. టాపెట్ సెట్టింగ్‌కు, అంటే ఇంజన్ వాల్వుల దగ్గరి సందు సరిచేయడానికి మాత్రం ఇంజన్ పూర్తిగా చల్లారాలి. వేడిగా ఉంటే లోహం సాగి, వాల్వు దగ్గర సందు సరిగ్గా కొలతకు రాదు. అందుకని వెళ్లగానే ఆయిల్ దించడం, ఇంజన్ చల్లారేలోగా బెల్టు, బ్రేకులు చూసుకోవడం, చివర్లో టాపెట్. గంటలో సర్వీసింగ్ చేసి ఇస్తామనే బోర్డులు చూసినప్పుడల్లా వీళ్లు టాపెట్ ఎప్పుడు చూస్తారా అనిపిస్తుంది.

ఆయిల్ నేనే కొనుక్కుని వెళ్లాను. 10డబ్ల్యూ-30, డబ్బా మీద ఎంబీ అని ఉండాలి. మోటార్‌సైకిళ్లకు పోసేది ఎంఏ రకం. వాటి క్లచ్ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతుంది కాబట్టి మరీ జారుడు పనికిరాదు. స్కూటర్ క్లచ్ ఆయిల్ తగలకుండా విడిగా ఉంటుంది, అందుకే దీనికి ఇంకా జారే ఆయిల్ పోయొచ్చు. బోల్టు విప్పి దించితే మళ్లీ పట్టేది 700 మిల్లీలీటర్లు. డబ్బా మొత్తం ఒంపేస్తే ఎక్కువవుతుంది. లెవెల్ చూసేటప్పుడు బండి సెంటర్ స్టాండ్ మీద ఉండాలి, డిప్‌స్టిక్‌ను మర బిగించకుండా ఊరికే ఆనించి తీయాలి. బిగించి చూస్తే లేని ఆయిల్ ఉన్నట్టు కనిపిస్తుంది. డ్రెయిన్ బోల్టు వాషర్ కూడా కొత్తది వేయించాను. రూపాయల్లో పోయే దానికి పాతదే వేసి, తర్వాత చుక్క చుక్క కారుతోందని తిరగడమెందుకు?

చాలామంది వదిలేసేది గేర్ ఆయిల్. "స్కూటర్‌కు గేర్లెక్కడివి?" అని మా స్టాఫ్‌రూమ్‌లో నన్నే అడిగారు. వెనక చక్రం పక్కన చిన్న గేర్ బాక్స్ ఉంటుంది, దాని ఆయిల్ వేరు, 120 మిల్లీలీటర్లే. ఇంజన్ ఆయిల్‌తో దానికి సంబంధం లేదు. మా బండిలోంచి దిగింది చూస్తే బూడిదరంగు నీళ్లలా ఉంది.

అసలు పని ఎడమవైపు కవర్ విప్పాక మొదలైంది. లోపలంతా నల్లటి పొడి. బెల్టు, క్లచ్ షూలు అరిగి రాలిందే అదంతా. బెల్టును వంచి చూపించాడు. పళ్ల మధ్య సన్నటి పగుళ్లు ఉన్నాయి.

"ఇంకో రెండు మూడు వేలు నడుస్తది మేడం. మీ ఇష్టం."

"నడుస్తది గానీ, తెగితే ఎక్కడ ఆగుతదో తెల్వదు కదన్నా. మార్చెయ్."

బెల్టు తెగితే ఇంజన్ ఆడుతూనే ఉంటుంది, చక్రం మాత్రం తిరగదు. పంక్చర్‌లా రోడ్డు పక్కన అతికించుకునే వ్యవహారం కాదు. ఎలాగూ విప్పాం కదా అని వేరియేటర్ కూడా తెరిపించాను, వేగాన్ని బట్టి బెల్టును కదిలించే కప్పీ అది. అందులోని ఆరు రోలర్లు గుండ్రంగా ఉండాలి. మావి ఒక పక్క అరిగిపోయి, వాడిన సుద్దముక్కల్లా తయారయ్యాయి. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బండి జర్కులివ్వడం వీటి పుణ్యమేనట. రోలర్లు కూడా మార్చాం.

ఎయిర్ ఫిల్టర్ దగ్గర చిన్న వాదన జరిగింది. కుర్రాడు గాలి పైపు పట్టుకొచ్చాడు. యాక్టివాలో ఉండేది నూనె పట్టించిన కాగితం ఫిల్టర్, గాలి కొట్టి శుభ్రం చేసేది కాదు, మార్చడమే. దుమ్ము రోడ్లలో తిరిగే బండికి మాన్యువల్‌లో రాసినదానికంటే ముందే మార్చాలి. పాత ఫిల్టర్ మడతల్లో మా రోడ్డు సగం ఉంది!

వెనక బ్రేకు చూడాలంటే సైలెన్సర్ విప్పి, చక్రం ఊడదీయాలి. అందుకే ఎక్కువ చోట్ల బయటి నట్టు బిగించి "అయిపోయింది" అంటారు. బ్రేకు పూర్తిగా పట్టినప్పుడు డ్రమ్ము దగ్గరి బాణం గుర్తు ఎదుటి గీతను చేరితే షూలు అయిపోయినట్టు. అది మనమే ఇంటి దగ్గర చూసుకోవచ్చు. మావాటికి ఇంకా జీవం ఉంది, దుమ్ము దులిపి, ఉప్పుకాగితంతో రుద్ది, మళ్లీ బిగించాడు.

మధ్యాహ్నానికి ఇంజన్ చల్లారింది. సందు కొలిచే పల్చటి రేకు, ఫీలర్ గేజ్ పెట్టి టాపెట్ సరిచేసి, ప్లగ్గు సందు 0.8, 0.9 మిల్లీమీటర్ల మధ్యకు తెచ్చి, ఆ తర్వాతే కొత్త ఆయిల్ పోశాడు. స్టాండుకు, కేబుళ్లకు గ్రీజు, నూనె. స్టార్ట్ చేస్తే ఇంతకు ముందు వినిపించిన టకటక తగ్గింది. ఇంజన్ ఫ్లష్, ఇంకేదో మందు సీసా పోయించుకోమని స్పేర్‌పార్ట్స్ షాపతను చెప్పాడు గానీ, వద్దన్నాను. ఆ డబ్బుతో మరో గేర్ ఆయిల్ ట్యూబు వస్తుంది.

తిరిగొస్తూ పెట్రోల్ బంకులో గాలి పట్టించాను. ముందు 22, వెనక 29. వెనక ఎవరినైనా ఎక్కించుకుంటే వెనకది 36. వెనక టైరు అరుగుదల గుర్తు దాకా వచ్చేసింది, వానలు పడేలోగా మార్చమని మెకానిక్ అన్నాడు. ఆ రోజే వేయించుంటే సైలెన్సర్ మళ్లీ విప్పే పని తప్పేది, కానీ ఆ సైజు టైరు షాపులో లేదు. ఆర్డర్ పెట్టి వచ్చాను.