గ్రానైట్ పలకను పరీక్షించే కొన్నాను

వంటగట్టుకు రాయి పరిచే పని నిన్నటితో పూర్తయింది. కొలతలు, దిమ్మలు, ఇసుక, సిమెంటు పనులన్నీ ఏ ఇబ్బందీ లేకుండా జరిగిపోయాయి. పాలరాయా, గ్రానైటా అన్న చర్చ కూడా ఇంట్లో ఎక్కువసేపు సాగలేదు. పాలరాయిలో ప్రధానంగా ఉండేది కాల్సైట్, పులుపు తగిలితే దాని మెరుపు చచ్చిపోతుంది. గ్రానైట్‌లో ఎక్కువగా ఉండేవి క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చెప్పే మోస్ కాఠిన్య మానంలో కాల్సైట్‌ది 3 అయితే వీటిది 6 నుంచి 7. కత్తి గీతకు లొంగని రాయి కావాలనుకుంటే ఇక ఆలోచించేదేముంది?

చిక్కు వచ్చింది రాళ్ల యార్డులో. ఒక నల్ల పలక నచ్చింది. సంచిలోంచి తెల్లగుడ్డ, పూసిన రంగును కరిగించే ఎసిటోన్ సీసా తీసేసరికి యజమాని గొంతు పెంచాడు. "రాయి కొనడానికి వచ్చారా, పరీక్ష పెట్టడానికి వచ్చారా? మీవారిని తీసుకురండమ్మా, ఆయనతో మాట్లాడతాను." పనివాళ్లు, ఇతర కొనుగోలుదారులు అందరూ వింటుండగానే అన్నాడు. ఒళ్లు మండిపోయింది. రాయి గురించి తెలుసుకోవడానికి మగవాడే కావాలా?

నా అనుమానానికి కారణం ఉంది. శాస్త్రం ప్రకారం చిక్కటి నల్లరాయి అసలు గ్రానైటే కాదు, గాబ్రో, డోలరైట్ వంటి వేరే శిలలు. వ్యాపారంలో అన్నింటినీ గ్రానైట్ అనే అంటారు. దాన్ని నేను తప్పు పట్టను, అవీ గట్టి రాళ్లే. బూడిద రంగు రాయికి నల్లరంగు పట్టించి, అసలు నల్లరాయి ధరకు అమ్మడమే మోసం. అలాంటి రంగు కొన్నాళ్లకు వెలిసిపోయి, గట్టు మచ్చలు మచ్చలుగా తేలుతుంది.

నేను వెనక్కి తగ్గలేదు. గుడ్డను ఎసిటోన్‌తో తడిపి పలక మూలన గట్టిగా రుద్దాను. గుడ్డ నల్లబడింది. "దుమ్మమ్మా అది" అన్నాడు. అక్కడే నీళ్లతో కడిగి, ఆరబెట్టి, కొత్త గుడ్డతో మళ్లీ రుద్దాను. మళ్లీ నలుపే. ఆ గుడ్డను పక్కనున్న కొనుగోలుదారులకు చూపించాను. ఆయన మరి మాట్లాడలేదు, నేనూ అక్కడ కొనలేదు. ఆ రోజు నన్ను చూసి నాకే గర్వంగా అనిపించింది. పరీక్షకు ఒప్పుకోని చోట రాయి కొనకండి. కోత పడిన పలకను ఎవరూ వెనక్కి తీసుకోరు.

మరో యార్డులో గుడ్డ తెల్లగానే ఉంది. అయినా పలకంతా తడిపించి చూశాను. పైన తడి ఆరిపోయాక కూడా ఒక గీత చెమ్మగానే మిగిలి, గోరుకు తగిలిందంటే అది పగులు. మొదటి పలకలో అలాంటిది దొరికితే వద్దని, దాని పక్కది తీసుకున్నాను. ఈజిప్టులోని అస్వాన్‌లో వెయ్యి టన్నులకు పైబడిన గ్రానైట్ స్తంభాన్ని చెక్కుతూ, పగుళ్లు బయటపడడంతో అక్కడే వదిలేశారు. అది ఇప్పటికీ ఆ క్వారీలోనే పడి ఉంది.

సింకు విషయంలో ఒక్క మాట. నొక్కుడును తట్టుకునే బలంతో పోలిస్తే వంపును తట్టుకునే బలం ఈ రాయికి సుమారు పదో వంతే. అందుకే సింకు ముందు మిగిలే సన్నటి పట్టీ ముందుగా విరుగుతుంది. రంధ్రం మూలలు గుండ్రంగా కోయించి, పట్టీ కింద ఆసరా పెట్టించాను. 20 మిల్లీమీటర్ల మందం పలక చదరపు మీటరుకు దాదాపు 54 కిలోలు తూగుతుంది కాబట్టి నిలబెట్టే మోయించాను.

కోసేటప్పుడు నీళ్లు పోయకపోతే మాత్రం పని ఆపించండి. ఆ పొడిలోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, అది నయం కాదు. మన గట్టు మెరుపు కోసం ఒక కూలీ ఊపిరి పోవడం ఘోరం. మా ఇంట్లో కోత మొదలైంది నీళ్ల గొట్టం తెచ్చాకే.

పరిచాక నీటి చుక్కలు వేసి, పావుగంట ఆగి తుడిచాను. మచ్చ పడలేదు, అందుకే సీలర్ (రాయిలోకి నీళ్లు, నూనె ఇంకకుండా పూసే ద్రవం) పూయించలేదు. లేత రంగు రాయి తీసుకున్నవాళ్లు ఇదే పరీక్ష చేసి, చుక్క ఇంకి ముదురు మచ్చ పడితే నూనె తగలకముందే సీలర్ పూయించుకోండి.