1943 రాగి సెంటు: అయస్కాంతం చెప్పేది సగమే

అమెరికాలో పాత చిల్లర డబ్బా తిరగేసేవాళ్ళందరి కళ్ళూ ముందు వెతికేది 1943 నాటి రాగి రంగు లింకన్ బొమ్మ సెంటునే. దొరికిందని సంబరపడేవాళ్ళు బోలెడుమంది. అసలువి మాత్రం మూడు టంకశాలలవీ కలిపినా బయటపడ్డది సుమారు ఇరవై.

ఆ ఏడాది సెంట్లను రాగితో కొట్టకూడదు. యుద్ధంలో తూటా తొడుగులకు రాగి కావలసొచ్చి, ఉక్కు రేకు మీద పల్చగా జింకు పూత వేసి సెంట్లు కొట్టారు. ఫిలడెల్ఫియా, డెన్వర్, శాన్‌ఫ్రాన్సిస్కో మూడూ కలిపి 109 కోట్లకు పైనే. కొత్తలో తళతళలాడుతూ పది సెంట్ల డైములా కనిపించేవి. చిల్లర లెక్కలో జనం తికమకపడేవారు. పైగా పూత వేసిన రేకులోంచే బిళ్ళలు కత్తిరించారు కాబట్టి అంచు చుట్టూ ఉక్కు బయటికే ఉండేది. చెమట చేతులు తగిలితే తుప్పు అక్కడే మొదలు. 1944లో మళ్ళీ రాగికే వచ్చేశారు.

మరి రాగివి ఎలా పడ్డాయి? 1942లో వాడగా మిగిలిన కంచు (రాగే ఎక్కువున్న లోహం) బిళ్ళలు కొన్ని తొట్ల మూలల్లో ఇరుక్కుని, తర్వాత ఉక్కు బిళ్ళలతో కలిసి అచ్చులోకి జారాయన్నది అందరూ ఒప్పుకునే వివరణ. ఏడాది మారే వేళ జరిగిన చిన్న ఏమరుపాటు, అంతే. డెన్వర్‌ది ఒక్కటే తెలుసు. అది 2010లో 17 లక్షల డాలర్లకు అమ్ముడైంది. ఫిలడెల్ఫియా నాణెం ఒకటి 2019 జనవరి వేలంలో 2,04,000 డాలర్లు పలికింది.

పరీక్షకి ముందు అయస్కాంతం. అంటుకుంటే అది ఉక్కు సెంటుకి రాగి పూత పూసింది, అక్కడితో కథ సరి. సరదా వస్తువుగా అమ్మడానికి ఇలాంటివి కుప్పలుగా చేశారు. అంటుకోకపోతే 0.01 గ్రాము దాకా చూపే తూకం తీయండి. కంచు సెంటు 3.11 గ్రాములు ఉండాలి, ఓ పదమూడు సెంటిగ్రాములు అటూ ఇటూ పరవాలేదు. ఉక్కుది 2.7 గ్రాముల దగ్గర ఆగుతుంది. తెల్లగా ఉండి, అయస్కాంతానికి అంటక, 2.5 గ్రాములే తూగితే మాత్రం తొందరపడి పక్కన పడేయకండి. డైము కోసం కోసిన వెండి బిళ్ళ మీద సెంటు అచ్చు పడి ఉండొచ్చు. అదీ విలువైన పొరపాటే.

చాలామంది ఈ రెండు పరీక్షలతో ఆగిపోతారు. మోసపోయేది ఇక్కడే. 1948 సెంటులో 8 అంకెకి ఎడమవైపు గీకేస్తే 3 అవుతుంది. అది నిజమైన కంచు నాణెమే కనుక అయస్కాంతం అంటదు, తూకం తప్పదు. పట్టించేది అంకె ఆకారం ఒక్కటే. అసలు 1943లో 3 తోక మిగతా అంకెల గీత దాటి బాగా కిందికి దిగుతుంది. గీకిన 3 పొట్టిగా, 9, 4లతో సమంగా ఆగిపోతుంది. మామూలు ఉక్కు 1943 సెంటు పక్కన పెట్టి పదింతలు చూపే భూతద్దంతో పోల్చండి. అంకె ఎడమపక్క నాణెం ఉపరితలం మీద గీకుడు చారలు, చిన్న పల్లం ఉంటే తేలిపోయినట్టే.

ఇంకో ఆనవాలు: ఉక్కు గట్టిది కాబట్టి ఆ ఏడాది యంత్రాల ఒత్తిడి పెంచారు. అదే ఒత్తిడి మెత్తటి కంచు మీద పడడంతో అసలు నాణేల్లో అంచూ, అక్షరాలూ మరీ స్పష్టంగా తేలి ఉంటాయి. అక్షరాలు ముద్దగా కనిపిస్తే అనుమానించండి. ఇవన్నీ దాటినా, దొంగ అచ్చుతో కొట్టినవీ ఉన్నాయి కాబట్టి నాణేల అసలు నకిలీ తేల్చే సంస్థలైన పీసీజీఎస్ గానీ ఎన్‌జీసీ గానీ పరీక్షించి పెట్టెలో సీలు వేస్తే తప్ప పెద్ద ధర ఎవరూ పెట్టరు.

మామూలు ఉక్కు సెంటు సంగతి: వాడి నల్లబడ్డదానికి డాలరు కూడా రాదు. టంకశాల మెరుపు చెదరనిదానికి కొన్ని డాలర్లు. అయితే ‘కొత్తలా మెరిసే’ వాటితో జాగ్రత్త. పాత పూత యాసిడ్‌తో తీసేసి మళ్ళీ జింకు వేసినవి చాలా తిరుగుతున్నాయి. అంచు చూడండి. అసలుదానికి అంచులో ఉక్కు కనిపిస్తుంది, మళ్ళీ పూసినదానికి అంచు కూడా తెల్లగా నున్నగా ఉంటుంది. వెలుగులో తిప్పితే చక్రంలా తిరిగే మెరుపు కూడా ఉండదు.

వేటినీ తోమొద్దు. జింకు పూత లేచిపోతే కింద ఉక్కు తుప్పు పడుతుంది, విలువా పడిపోతుంది. పీవీసీ లేని కవరులో, సిలికా జెల్ పొట్లంతో పెట్టి, అంచులతోనే పట్టుకోండి. 1943వి చూడడం అయ్యాక 1944 సెంట్లకూ ఇదే అయస్కాంతం తీయండి. ఆ ఏడాది నాణెం అంటుకుంటేనే అదృష్టం, పొరపాటున ఉక్కు మీద పడ్డది కావచ్చు.