మూతపడాల్సిన రెండు పార్కుల్లో ఒక రోజు

శనివారం పొద్దున ఆరున్నరకే కాలిఫోర్నియా బే ఏరియాలోని ఫ్రీమాంట్ దాటేశాం. 680 పట్టుకుని బెనీషియా వంతెన, అక్కడినుంచి వల్లేహో, ఆపైన 37, 121, 12 నంబరు రోడ్లు. వంతెన మీద టోలు ఉత్తరానికి వెళ్ళేటప్పుడే. నగదు తీసుకోరు, ఫాస్ట్‌ట్రాక్ టోలు పరికరం బండిలో లేకపోతే బిల్లు ఇంటికొస్తుంది. 37వ నంబరు రోడ్డు మేర్ ఐలండ్ దాటాక రెండు లేన్ల నుంచి ఒక లేనుకు కుంచించుకుపోతుంది. అందుకే అంత పొద్దున్నే బయల్దేరడం. ఎనిమిదిన్నరకల్లా గ్లెన్ ఎలెన్ ఊళ్ళో ఉన్నాం. అక్కడ ఆర్నల్డ్ డ్రైవ్ నుంచి లండన్ రాంచ్ రోడ్డు ఎక్కితే నేరుగా అమెరికన్ రచయిత జాక్ లండన్ పేరు మీదున్న స్టేట్ పార్కు.

మేము చూడదలచుకున్నవి రెండు పార్కులు: ఇది, కెన్‌వుడ్ దగ్గరి షుగర్‌లోఫ్ రిడ్జ్. 2011 మే నెలలో కాలిఫోర్నియా మూసేస్తామని ప్రకటించిన 70 పార్కుల జాబితాలో ఈ రెండూ ఉన్నాయి. అప్పుడు రాష్ట్రంలో మొత్తం 278. రెండేళ్ళలో 2.2 కోట్ల డాలర్లు మిగల్చాలన్నది లెక్క. 70 మూసినా సందర్శకుల్లో 92 శాతం, రాబడిలో 94 శాతం నిలుస్తాయని శాఖ చెప్పింది. అంటే జనం తక్కువగా వచ్చే చోట్లనే ఏరి పెట్టారు. అంతకు ముందు సంవత్సరమే, 2010 నవంబరులో, బండికి ఏటా 18 డాలర్ల రుసుము వేసి పార్కులకివ్వాలన్న ప్రతిపాదన (‘ప్రాపొజిషన్ 21’) ఓటర్ల ముందుకు వచ్చింది. కట్టినవాళ్ళ బళ్ళకు ప్రవేశం ఉచితమన్నా ఓటర్లు వద్దన్నారు.

జాక్ లండన్ గేటు దగ్గర మేము వెళ్ళినప్పుడు కారుకు 10 డాలర్లు. ఈ పది ఎక్కడికి పోతుందో తెలుసుకుంటే మిగతా కథ అర్థమవుతుంది. రాష్ట్రం స్వయంగా నడిపే పార్కులో కట్టిన రుసుము స్టేట్ పార్క్స్ అండ్ రిక్రియేషన్ ఫండ్‌లో కలుస్తుంది. శాసనసభ బడ్జెట్‌లో కేటాయిస్తేనే తిరిగొస్తుంది. 2011లో ఏబీ 42 అనే చట్టం వచ్చింది. లాభాపేక్ష లేని సంఘం ఒక పార్కు మొత్తాన్ని ఒప్పందం మీద నడపవచ్చు, అక్కడ వసూలైన డబ్బు అక్కడే ఖర్చుపెట్టాలి అన్నది దాని సారాంశం. భూమి రాష్ట్రానిదే. చట్టం అమలు చేసే రేంజర్లూ రాష్ట్రానివాళ్ళే. జాక్ లండన్ పార్కు 2012 నుంచి ఈ పద్ధతిలోనే నడుస్తోంది. కాబట్టి బయల్దేరే ముందు ఒక జాగ్రత్త: ఇలాంటి పార్కులకు సొంత వార్షిక పాసులుంటాయి. మీ దగ్గరున్న రాష్ట్ర పాసు అక్కడ చెల్లుతుందో లేదో ముందే చూసుకోండి.

మ్యూజియం నుంచి ఆ రచయిత కట్టించుకున్న ఇల్లు వుల్ఫ్ హౌస్‌కు అరమైలు పైచిలుకు నడక, వెళ్ళేటప్పుడు దిగుడు. దారిలో రచయిత సమాధి. దాని మీద ఉన్నది ఆ ఇంటి రాయే. అగ్నిపర్వత శిలలతో, రెడ్‌వుడ్ మొద్దులతో కట్టిన 26 గదుల ఇల్లు 1913 ఆగస్టులో, గృహప్రవేశం కాకుండానే తగలబడింది. ఎవరో నిప్పంటించారని చాలాకాలం అనుకున్నారు. 1995లో నిపుణులు వచ్చి పరిశీలించి, కొయ్యకు పూసే లిన్‌సీడ్ నూనెలో తడిసిన గుడ్డలు వాటంతటవే వేడెక్కి అంటుకుని ఉండవచ్చని తేల్చారు. ఇప్పుడు మొండిగోడలే. గోడలే కదా, ఖర్చేముంది అనిపిస్తుంది. అసలు ఖర్చు అక్కడే. సున్నం సందుల్లో వాననీరు దిగుతుంది, వేర్లు దూరుతాయి, భూకంపాల నేల కాబట్టి ఆసరా కడ్డీలు కావాలి. పైనున్న కాటేజీ కొయ్యది, దానికి పైకప్పు, చెదలు, తడి.

పార్కు మూసేస్తే డబ్బు మిగులుతుందన్న లెక్క చాలావరకు కాగితం మీదిదే. మనుషులు తిరగని చోట పైపు పగిలితే వారం దాకా తెలియదు. రాగితీగ దొంగలు వస్తారు. నీటి వ్యవస్థ ఆగిపోతే మళ్ళీ తెరిచేముందు పరీక్షలన్నీ మొదటినుంచి. పైగా ఫెడరల్ భూ, జల పరిరక్షణ నిధి డబ్బు తీసుకున్న స్థలాన్ని ఎప్పటికీ ప్రజల విహారానికే ఉంచాలన్న షరతు ఉంది.

బాండ్ల మాటా చెప్పాలి. 2018 జూన్‌లో ఓటర్లు పార్కులకూ నీటికీ కలిపి 400 కోట్ల డాలర్ల పైచిలుకు బాండ్లను ఆమోదించారు. బాండు సొమ్ము భూమి కొనడానికి, కట్టడానికి, బాగుచేయడానికి. రోజువారీ జీతాలకు కాదు. మన ఊళ్ళలో గుడికి గాలిగోపురం కట్టిస్తానంటే దాతలు దొరుకుతారు, పేరు చెక్కిస్తారు. రోజూ దీపంలో పోసే నూనెకు దొరకరు, అందుకే ధూప దీప నైవేద్య పథకం పెట్టాల్సి వచ్చింది. పార్కుదీ అదే బాధ. రచయిత ఇంటి పైకప్పుకు చందా వస్తుంది, మరుగుదొడ్డి గుంట తోడించడానికి రాదు.

మధ్యాహ్నం 12వ నంబరు రోడ్డు మీదుగా కెన్‌వుడ్, అక్కడినుంచి ఆడోబ్ కాన్యన్ రోడ్డు. చివరి మైళ్ళు సన్నం, మలుపుల దగ్గర హారన్ కొట్టుకుంటూ పోవాలి. షుగర్‌లోఫ్‌ను 2012 నుంచి సొనోమా ఎకాలజీ సెంటర్ ముందుండి, మరికొన్ని సంస్థలను కలుపుకుని నడుపుతోంది. గేటులో మనిషి లేకపోతే ఇనుప గొట్టం లాంటి పెట్టె ఉంటుంది, అందరూ ఐరన్ రేంజర్ అంటారు. కవరు మీద బండి నంబరు రాసి, డబ్బు పెట్టి, చీటీ చించుకుని, కవరు గొట్టంలో వేసి, చీటీ డాష్‌బోర్డు మీద ఉంచాలి. చిల్లర ఇచ్చేవారుండరు కాబట్టి ఒకట్లు, ఐదులు వెంట పెట్టుకోండి.

బాల్డ్ మౌంటెన్ 2,729 అడుగులు. నీడ తక్కువ, మనిషికి రెండు లీటర్ల నీళ్ళకు తగ్గకూడదు. దారిపొడుగునా నల్లబడ్డ మొదళ్ళ నుంచి కొత్త చిగుళ్ళు. 2017 అక్టోబరులో నన్స్ అని పేరుపెట్టిన కార్చిచ్చు, 2020 సెప్టెంబరులో గ్లాస్ అనే ఇంకో కార్చిచ్చు ఈ కొండల మీదికొచ్చాయి. సంఘం నడిపే పార్కుకు ఇదే అసలు గండం: గేటు మూసిన రోజు రుసుమూ లేదు, క్యాంపు అద్దే లేదు, అదే నెలలో కాలిన చెట్లు కొట్టించడం, దారులు నిలబెట్టడం నెత్తిన పడతాయి. రాష్ట్రానికైతే ఒకచోట నష్టం ఇంకోచోట సర్దుకుంటుంది.

పక్కనే హుడ్ మౌంటెన్. అది సొనోమా కౌంటీ (మన జిల్లా లాంటిది) పార్కు, కాలిదారి మధ్యలో ఒక బోర్డు తప్ప తేడా తెలియదు. కానీ దాని జేబు వేరు: 2018 నవంబరులో కౌంటీ ఓటర్లు పదేళ్ళకు ఒప్పుకున్న అమ్మకపు పన్ను, డాలరుకు సెంటులో ఎనిమిదో వంతు. మా దృష్టిలో చందాల కన్నా ఇలాంటి చిన్న, ఖాయమైన పన్నే మేలు. చందా ఎంత గట్టిదైనా నమ్మకం మీద నిలుస్తుంది. 2012 జూలైలో పార్కుల శాఖ ఖాతాల్లో లెక్కకు చెప్పని దాదాపు 5.4 కోట్ల డాలర్లు బయటపడినప్పుడు, మూతల భయంతో చందాలిచ్చినవాళ్ళు మండిపడ్డారు. డైరెక్టరు రాజీనామా చేశారు. ఆ తర్వాత రెండేళ్ళు పార్కులు మూయకూడదని చట్టమే తెచ్చారు.

అయినా ఇవ్వదలిస్తే రెండు సంగతులు. చందా పత్రంలో ఫలానా పనికి అని రాయకుండా సాధారణ నిర్వహణకు అని రాయండి. షరతు పెట్టిన డబ్బును సంఘం ఇంకోదానికి ముట్టుకోలేదు. బే ఏరియాలో మనవాళ్ళు పనిచేసే పెద్ద కంపెనీల్లో చాలావాటికి మ్యాచింగ్ ఉంది. సంఘం పన్ను గుర్తింపు సంఖ్యతో వెతికి రసీదు జతచేస్తే అంతే సొమ్ము కంపెనీ కలుపుతుంది. కొన్ని స్వచ్ఛంద సేవ గంటలకూ కడతాయి. గడువు దాటితే ఇవ్వరు, అందుకని చందా ఇచ్చిన వారంలోనే పెట్టేయండి.

రాత్రికి క్యాంపులో ఉండేటట్టయితే ఇంటినుంచి కట్టెలు మోసుకెళ్ళొద్దు. ఓక్ చెట్లను చంపే తెగులు సొనోమాలో ఉంది, పురుగులూ తెగుళ్ళూ కట్టెలతోనే ఊళ్ళు దాటుతాయి. మంట నిషేధం లేని రోజైతే మోపు అక్కడే కొనుక్కోండి, ఆ డబ్బూ పార్కులోనే ఉంటుంది.