నామినేట్ అంటే పేరు పెట్టడమే

ఎన్నికలొస్తే ‘నామినేషన్ వేశారు’ అంటాం, బ్యాంకులో ‘నామినీ ఎవరు?’ అని అడుగుతారు, కార్పొరేషన్ ఛైర్మన్‌గిరీ దొరికితే నామినేటెడ్ పదవి అంటాం. ఈ మూడింటికీ మూలం లాటిన్‌లో పేరు అని అర్థమొచ్చే నోమెన్. దాని నుంచి నోమినారె, అంటే పేరు పెట్టి పిలవడం, అందులోంచి ఇంగ్లీషు నామినేట్ వచ్చాయి.

నాకు బాగా నచ్చేది ఏంటంటే, సంస్కృతంలోని నామ, ఇంగ్లీషు నేమ్, లాటిన్ నోమెన్ ఒకే ఇండో-యూరోపియన్ కుటుంబానికి చెందిన అన్నదమ్ములు, కాబట్టి మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న నామకరణానికీ నామినేషన్‌కీ నిజంగానే చుట్టరికం ఉంది. మన ‘పేరు’ మాత్రం ద్రావిడ పదం, వేరే ఇంటిది.

ఒకరి పేరు చెప్పడం వేరు, వాళ్లకు పదవి రావడం వేరు. నామినేషన్ వేసిన అభ్యర్థి ఇంకా గెలవాలి. కానీ రాజ్యసభకు రాష్ట్రపతి నామినేట్ చేసే 12 మందికి ఎన్నిక ఉండదు, ఆ నియామకంతోనే సభ్యులైపోతారు. 2022లో కొవ్వూరుకు చెందిన సినీ రచయిత విజయేంద్ర ప్రసాద్ అలాగే వెళ్లారు.

నామినీ సంగతి ఇంట్లో అందరికీ తెలియాలని గట్టిగా అనుకుంటాను. బ్యాంకు డిపాజిట్‌కి నామినీగా రాసినంత మాత్రాన ఆ డబ్బు వాళ్ల సొంతం అయిపోదు, డిపాజిట్ చేసినవాళ్లు చనిపోయాక బ్యాంకు నుంచి తీసుకునే హక్కు మాత్రమే వస్తుంది, చట్టప్రకారం వారసుల వాటా వారసులదే. ఈ తేడా తెలియక తోబుట్టువులు మాటల్లేకుండా విడిపోవడం చూస్తే చాలా బాధేస్తుంది. అందుకే నామినీ పేరుతో పాటు వీలునామా కూడా రాయించి పెట్టుకోండి.