అవి నీటి బుడగలు కావు

కార్తీకం, మంగళవారం రాత్రి

పొద్దున నడక లేదు. పరగడుపునే రాజోలు బస్సెక్కాను. నాకు పీసీఓఎస్ (పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, అండాశయాల పేరు పెట్టుకున్న హార్మోను జబ్బు) ఉంది కాబట్టి ఏడాదికోసారి చేయించుకునే షుగర్ పరీక్ష ఇవాళ. ముందు ఒకసారి రక్తం తీశారు, తర్వాత 75 గ్రాముల గ్లూకోజు కలిపిన గ్లాసు చేతికిచ్చారు. "ఐదు నిమిషాల్లో తాగెయ్యండి మేడమ్, రెండు గంటలు ఎక్కడికీ వెళ్ళకండి, ఏమీ తినకండి ఆయ్" అన్నాడు ల్యాబ్ అబ్బాయి. పాకం కంటే తియ్యగా ఉంటుంది అది. కళ్ళు మూసుకుని తాగేసి బల్ల మీద కూర్చున్నాను.

కూర్చున్న పావుగంటకి పిన్ని ఫోను. గొంతులో ఏడుపు. నర్సాపురంలో చెల్లికి స్కానింగ్ తీయించారట. రెండు అండాశయాల నిండా నీటి బుడగలున్నాయని కాగితం మీద రాసిచ్చారట. "పదిహేనేళ్ళ పిల్లే, ఇప్పుడే ఇలాగైతే రేపు దాని గతేంటే?" అంది.

నాకు ఇదే మాట ఇరవయ్యో ఏట చెప్పారు. బుడగలంటే పగిలిపోవాలి, లేదా కరిగిపోవాలి అనుకున్నాను. మూడేళ్ళపాటు ఆరు నెలలకోసారి స్కానింగ్‌కి వెళ్ళి, కరిగాయా లేదా అని తెర వైపు చూస్తూ పడుకున్నాను. పెళ్ళయితే అదే తగ్గుతుందని ఒక పెద్ద డాక్టరు తల కూడా ఎత్తకుండా అన్నారు. ఆ మాట విని అమ్మ సంబంధాలు వెతకడం మొదలుపెట్టింది. ఆ మూడేళ్ళూ నా షుగర్ ఎవరూ చూడలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ కోపమే.

అవి బుడగలు కావు. గుడ్డు పెరిగే చిన్న చిన్న సంచులు, ఒక్కోటీ సెంటీమీటరు కూడా ఉండదు. ప్రతి నెలా కొన్ని పెరగడం మొదలుపెడతాయి, వాటిలో ఒకటి ముందుకెళ్ళి గుడ్డు విడుదల చేస్తుంది. నాలాంటివాళ్ళలో చాలా నెలలు ఏదీ ముందుకెళ్ళదు. నాన్నకి చెప్పాల్సొచ్చినప్పుడు, పిలకలన్నీ లేచి ఒక్కటీ ఈనకుండా ఆగిపోయిన చేను లాంటిది నాన్నా అన్నాను. వెంటనే అర్థమైంది ఆయనకి. "మరి తెగులు చేలో కాదు, నేలలో ఉందన్నమాట" అన్నారు. అంతకంటే బాగా నాకు ఏ డాక్టరూ చెప్పలేదు. నాలాంటివాళ్ళు చాలామందిలో ఒంటికి, రక్తంలో చక్కెరని కండలోకి పంపే ఇన్సులిన్ మాట సరిగ్గా వినపడదు. వినపడట్లేదని ఒళ్ళు ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. ఆ ఎక్కువైనది అండాశయాన్ని తొందరపెట్టి మగ హార్మోను పెంచుతుంది. గడ్డం కింద వెంట్రుకలు, మొటిమలు, రెండు నెలలైనా రాని నెలసరి, అన్నీ అక్కణ్ణుంచే. 1935లో చికాగోలో స్టైన్, లెవెంథాల్ అనే ఇద్దరు డాక్టర్లు ఏడుగురు ఆడవాళ్ళ గురించి రాసినప్పుడు కంటికి కనిపించింది ఉబ్బిన అండాశయాలే. అందుకే పేరు వాటి మీదే నిలిచిపోయింది, మా అందరి చూపూ అక్కడే ఇరుక్కుపోయింది.

మెడ సంగతీ గుర్తొచ్చింది. నా పదహారో ఏట మెడ వెనక నల్లబడింది. మురికనుకుని అమ్మ ప్రతి ఆదివారం సున్నిపిండి పెట్టి, బీరపీచుతో ఎర్రగా కమిలిపోయేదాకా రుద్దేది. జడ వేస్తే కనిపిస్తుందని నేను జడ కిందకి దించి వేసుకునేదాన్ని. అది ఇన్సులిన్ ఎక్కువైందని చర్మం చెప్పిన కబురని తెలిసిన రోజున అమ్మ ఏమీ అనలేదు. రాత్రి పడుకోబోయే ముందు వచ్చి నా మెడ మీద చెయ్యి వేసి కూర్చుంది.

పిన్నిని అడిగాను, చెల్లి పెద్దమనిషై ఎన్నాళ్ళైందని. రెండేళ్ళట. ఎన్నాళ్ళకోసారి వస్తోందంటే నలభై, నలభై రెండు రోజులకట. ఆ వయసుకి నలభై అయిదు రోజుల దాకా మామూలే పిన్నీ అన్నాను. పెద్దమనిషైన ఎనిమిదేళ్ళ దాకా స్కానింగ్ చూసి ఈ జబ్బని తేల్చకూడదు, ఎందుకంటే ఆ వయసు పిల్లల్లో చాలామందికి అండాశయాలు అలాగే కనిపిస్తాయి. పెద్దవాళ్ళలోనైనా స్కానింగ్ ఒక్కటే చాలదు. నెలసరి తప్పడం, మగ హార్మోను ఎక్కువవడం, స్కానింగ్‌లో అలా కనిపించడం, ఈ మూడిట్లో రెండుండాలి, థైరాయిడ్ లాంటివి లేవని కూడా చూసుకోవాలి. పిన్ని ఏడుపు ఆగింది కానీ నమ్మినట్టు లేదు.

రెండు గంటలకి మళ్ళీ రక్తం తీశారు. మధ్యాహ్నానికి ఫోనులో వచ్చింది, పరగడుపున 92, తర్వాత 134. రెండోది 140 లోపు ఉండాలి. ఊపిరి పీల్చుకున్నాను.

ఇంట్లో భోజనం దగ్గర యథాప్రకారం నాన్న. గోదావరి నీళ్ళు తాగే ఇంట్లో అన్నం తగ్గించడమంటే ఆయన లెక్కలో అలిగినట్టే. నేను అన్నం మానలేదు, మానను కూడా. బచ్చలికూర, పప్పు ముందు సగం తినేసి, తర్వాత కొలిచి వండిన అన్నం. తిన్నాక కాసేపు వాకిట్లో నడక. వారానికి మూడు రోజులు నీళ్ళ బిందెలతో బరువులెత్తుతాను, కండ పెరిగితే చక్కెర అందులోకి పోతుందని. ఇన్సులిన్ మాట ఒంటికి వినపడేలా చేసే మెట్‌ఫార్మిన్ మాత్ర మొదట్లో కడుపు తిప్పేసింది, అన్నం తిన్నాక వేసుకోవడం అలవాటయ్యాక సర్దుకుంది. 76 కేజీల నుంచి 72కి రావడానికి ఏడాది పట్టింది. ఆ నాలుగు కేజీలతోనే డెబ్బై రోజులకోసారి వచ్చే నెలసరి నలభైకి దిగింది. అందరికీ ఇలా దిగుతుందని చెప్పలేను. మా బడిలో సన్నగా ఉండే టీచరుకీ ఇదే ఉంది, ఆమెని లావు తగ్గమని ఎవరంటారు?

నెలసరి రాకుండా తొంభై రోజులు దాటితే మాత్రం నేను ఆగను, డాక్టరు దగ్గరికి వెళ్ళి అది వచ్చేందుకు మాత్ర రాయించుకుంటాను. నెలసరి రాకపోతే హాయి అనుకునేదాన్ని ఒకప్పుడు. లోపల గర్భసంచి పొర మందమవుతూ పోతే అది తర్వాతెప్పుడో క్యాన్సర్ దాకా వెళ్ళే ముప్పుందని తెలిశాక క్యాలెండర్ మీద గుర్తు పెట్టడం ఒక్క నెలా మర్చిపోలేదు.

సాయంత్రం కాలువ గట్టు మీద ఉండగా చెల్లే ఫోను చేసింది. కోతకొచ్చిన చేల మధ్య, చుట్టూ ఎవరూ లేరు. చాలాసేపు బడి కబుర్లు చెప్పి, చివరికి గొంతు తగ్గించి, "అక్కా, నాకు పిల్లలు పుట్టరా?" అంది. పదిహేనేళ్ళ పిల్ల నోట ఆ మాట. గట్టు మీద అలాగే కూర్చుండిపోయాను. నీకు ఈ జబ్బుందని ఎవరూ తేల్చలేదే అన్నాను. ఉన్నవాళ్ళకి కూడా చాలామందికి పుడతారని, గుడ్డు ఆలస్యంగా విడుదలవుతుంది తప్ప గుడ్లు లేకుండా పోవని, అందుకు మందులున్నాయని చెప్పాను. "మెడ నల్లగా ఉందా?" అని అడిగాను. లేదంది. "అమ్మ రుద్దుతానంటే రుద్దనివ్వకు" అన్నాను. ఎందుకో తనకి అర్థం కాలేదు.

ఆదివారం ఇద్దరూ పంటు దాటి సఖినేటిపల్లి వస్తారు. స్కానింగ్ కాగితం ఇంట్లో పెట్టేసి రమ్మన్నాను, తను నెలసరి తేదీలు రాసుకున్న క్యాలెండర్ మాత్రం తెమ్మన్నాను.