మా కారు షెడ్డులో పాత టేకు

వడ్రంగం పని చేయించుకుందామని వచ్చినవాళ్లు ముందు అడిగేది "షాపు ఎక్కడండీ?" అని. ఇదేనండీ అని షెడ్డు చూపిస్తే కొందరి ముఖంలో కాస్త నమ్మకం తగ్గుతుంది. అద్దె కట్టుకోలేకే ఇంట్లో పెట్టుకున్నాడు అనుకుంటారు. నేను మాత్రం అద్దె లేకపోవడమే ఈ పనికి పెద్ద బలం అంటాను. నెల తిరిగేసరికి అద్దె, కరెంటు, నలుగురి జీతాలు కట్టాల్సిన మనిషి కలప దిగిన రోజే కోతకి పెట్టాలి. అతన్ని తప్పు పట్టలేం. నా దగ్గర అలా కాదు. ఒక టేకు బల్లచెక్క వానాకాలమంతా గోడకి ఆనుకుని ఉన్నా అడిగేవాళ్లు లేరు. కలపకి కావాల్సింది ఆ వ్యవధే.

మాది విజయవాడ, సింగ్ నగర్ వైపు. ఇల్లు కట్టినప్పుడు ప్లానులో కారు షెడ్డు వేశారు, కారు మాత్రం కొనలేదు. 10 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు. మధ్యలో టేబుల్ రంపం, ఒక పక్క పని బల్ల, ఇంకో పక్క గోడకి ఇనప బ్రాకెట్లు కొట్టి వాటి మీద కలప. పొడుగు బల్లలు కోసేటప్పుడు గేటు తీసి పెడతాను, చెక్క చివర వీధిలోకి వస్తుంది. 8 బై 4 ప్లైవుడ్ షీటు ఈ జాగాలో అసలు తిరగదు. అందుకని కొన్న చోటే కొలతలిచ్చి కోయించి తెచ్చుకుంటాను.

ఈ జాగాయే నేనేం చెయ్యాలో కూడా తేల్చింది. పూజా మందిరాలు, పీటలు, ఉయ్యాల బల్లలు, పిల్లలు చదువుకునే బల్లలు, పుస్తకాల అలమరలు. అంతవరకే. ఫ్లాట్ మొత్తానికి కప్‌బోర్డులు, మాడ్యులర్ కిచెన్ అంటే ఒప్పుకోను. అవి చేసేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు, బాగానే చేస్తున్నారు.

పని నేర్చుకున్నది ఆటోనగర్లో, లారీ బాడీలు కట్టే షెడ్డులో. అక్కడ కలప అంటే బరువు మొయ్యాలి, గతుకుల్లో నిలబడాలి. మా మేస్త్రి గారు బల్ల ఎత్తి చూసేవారు, వేలి కణుపుతో తట్టేవారు, చివర తడి చేసి వలయాలు చూసేవారు. "చేవ ఎంత ఉందో చూడరా అబ్బాయ్, రంగు చూసి కొనకు" అనేవారు. చేవ అంటే చెట్టు నడిమి గట్టి భాగం. దాని చుట్టూ ఉండే తెల్ల చెక్కకి చెదలూ పురుగూ తేలిగ్గా పడతాయి. వయసు రాకుండా కొట్టిన టేకు చెట్టులో ఈ తెల్ల భాగం వాటా ఎక్కువ. ఇప్పుడు డిపోల్లో టేకు పేరు మీద వచ్చే దుంగల్లో ఇలాంటివి చాలా చూస్తున్నాను.

నేను పాత కలప వైపు తిరిగింది అందుకే. సత్యనారాయణపురం, గాంధీనగర్, వన్ టౌన్ వీధుల్లో పెంకుటిళ్లు, పాత డాబాలు తీసేసి అపార్ట్‌మెంట్లు కడుతున్నారు. ఇల్లు పడగొట్టేటప్పుడు దూలాలు, ద్వారబంధాలు, తలుపు రెక్కలు, కిటికీ కమ్ములు బయటికి వస్తాయి. కొన్ని పాత కలప కొట్లకి చేరతాయి, కొన్ని అక్కడే కట్టెల కింద పోతాయి. అమ్మేవాళ్లందరూ "బర్మా టేకండీ" అంటారు. ఏ ఊరి టేకైనా నాకు పరవాలేదు. దశాబ్దాల తరబడి ఎండలూ వానలూ చూసిన చెక్క, దాని పొంగడం, ముడుచుకోవడం చాలావరకు నిలకడకి వచ్చి ఉంటుంది. వంకర తిరగాల్సిందైతే ఈపాటికే తిరిగి ఉంటుంది, మనకి కళ్ల ముందే కనిపిస్తుంది. కొత్త చెక్కలో అది తెలీదు.

కొనేటప్పుడు లెక్క జాగ్రత్తగా వేసుకోవాలి. 4 అంగుళాలు బై 3 అంగుళాలు, 7 అడుగుల ద్వారబంధం కమ్మి, అంటే చట్రంలో నిలువు చెక్క, అనుకోండి. మూడింటినీ హెచ్చవేసి 144తో భాగిస్తే 0.58 ఘనపుటడుగు. డబ్బు దానికి కడతాం. కానీ బందులు దిగిన చోటు, గడియ బెజ్జం, గోడలో పాతుకున్న కొన, మేకుల చోట్లు తీసేస్తే చేతికొచ్చేది ఇంకా తక్కువ. ఆ తరుగు ముందే మనసులో వేసుకోకపోతే పీట ధర చెప్పేటప్పుడు తేడా వస్తుంది.

పాత కలపలో శ్రమంతా శుభ్రం చెయ్యడంలోనే ఉంది. ముందు మేకులు. కంటికి కనపడేవి పట్టకారుతో తీస్తాను. రంగు కింద తలలు విరిగి ఉండిపోయినవి ఉంటాయి, వాటికోసం గట్టి అయస్కాంతం చెక్క మీద మెల్లగా జరుపుతూ పోతాను. ఒక్క మేకు మిగిలినా కార్బైడ్ బ్లేడు పళ్లు పోతాయి, ముక్క ఎగిరి కంటికి తగిలినా తగలొచ్చు. ఇనుము ఉన్న చోట చెక్క నల్లబడి ఉంటుంది. ఆ మరకని కొందరు తీసెయ్యమంటారు. నేనైతే ఉంచమనే చెబుతాను, ఆ ఇంటి గుర్తు కదా.

తర్వాత రంగు. ఇక్కడ కచ్చితంగా జాగ్రత్త పడాలి. ఇళ్లకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు ఏళ్ల తరబడి పూత మీద పూత వేసిన తలుపుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని పొడిగా శాండింగ్ మెషీన్ పెట్టి రుద్దితే ఆ దుమ్ము ఇంట్లోకి, పిల్లల ఊపిరిలోకి పోతుంది. సీసం పిల్లల మెదడుకి చేసే హాని మళ్లీ సరిదిద్దలేనిది. షెడ్డూ వంటిల్లూ ఒకే కప్పు కింద ఉన్న మాలాంటి వాళ్లు అది అస్సలు చెయ్యకూడదు. నేను చెక్క తడిపి, గీకుడు రేకుతో చెక్కులు చెక్కులుగా లాగుతాను. కింద పరిచిన ప్లాస్టిక్ పట్టతో సహా మూట కట్టేస్తాను. పని బట్టలు షెడ్డులోనే విడిచి లోపలికి వెళ్తాను. ఆలస్యం అవుతుంది, అయినా వేరే దారి లేదు.

గడప చెక్క సంగతి మాత్రం వేరుగా చెప్పాలి. ఏళ్ల తరబడి పసుపు రాసి, కుంకుమ పెట్టిన చెక్క అది. ఒకావిడ తమ పాత ఇంటి గడప తెచ్చి, "దీన్ని కూర్చునే వస్తువు చెయ్యొద్దు బాబూ, మా అత్తగారు రోజూ పసుపు రాసేవారు" అన్నారు. దాన్ని మందిరం అడుగు పలకగా వేశాను. పైన సాపు చేశాను గానీ ముందు అంచు మాత్రం పసుపు ఇంకిన రంగుతో అలాగే వదిలేశాను. ఇప్పటిదాకా నేను చేసినవాటిలో నాకు బాగా ఇష్టమైన పని అది.

మన ఊరి వాతావరణం తెలియకుండా మందిరం తలుపు చెయ్యకూడదు. రోహిణి కార్తెలో గాలి ఎంత పొడిగా ఉంటుందో, శ్రావణ భాద్రపదాల్లో అంత చెమ్మగా ఉంటుంది. చెక్క పొడవునా దాదాపు మారదు, అడ్డంగా మారుతుంది. పూర్తి పచ్చి నుంచి పూర్తి ఎండు దాకా టేకు దుంగ వలయాల వెంట 5.8 శాతం, నడిమి నుంచి అంచు వైపు 2.5 శాతం ముడుచుకుంటుంది. చాలా చెక్కలతో పోలిస్తే ఇది తక్కువే. అయినా 18 అంగుళాల పలకకి ఎండాకాలానికీ వానాకాలానికీ మధ్య నూలు, నూలున్నర తేడా రావచ్చు (నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు). మేలో బిగుతుగా కూర్చోబెట్టిన తలుపు వరలక్ష్మీ వ్రతం నాటికి తెరుచుకోదు. అందుకే పలకని కమ్ముల గాడిలో జిగురు లేకుండా వదులుగా నిలబెడతాను. జిగురు కమ్ములు ఒకదాంట్లో ఒకటి దిగే కుసులకే. ఎండల్లో చేస్తే గాడిలో జాగా వదులుతాను, వానల్లో చేస్తే బిగుతుగా పెడతాను. మేకులు కొట్టి, నాలుగు వైపులా ఫెవికాల్ పట్టించి పలకని కదలనివ్వకపోతే అది ఎక్కడో ఒకచోట పగలక తప్పదు.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి మా వీధుల్లోకి వచ్చింది. ఆ వరద గురించి అందరికీ తెలుసు, షెడ్డులో ఏం జరిగిందో మాత్రం చెబుతాను, వడ్రంగం చేసేవాళ్లకి పనికొస్తుంది. ఎండీఎఫ్, అంటే చెక్క పీచుని జిగురుతో అదిమి చేసే అట్ట, దాని ముక్కలు అంబలి అయిపోయాయి. ఎంఆర్ గ్రేడు, అంటే ఐఎస్ 303 మామూలు ప్లైవుడ్, పొరలు విడిపోయి ఉబ్బింది. నీళ్లకి తట్టుకునే ఐఎస్ 710 మెరైన్ రకం ప్లైవుడ్ అంచుల్లో కొంచెం లేచింది గానీ జిగురు వదల్లేదు. దాని జిగురుకి 72 గంటలు మరిగే నీళ్లలో పరీక్ష ఉంటుంది, అది ఉత్త మాట కాదని ఆ రోజుల్లో కళ్లారా చూశాను. పాత టేకు మాత్రం బురద పట్టి నల్లగా, బరువుగా, నిబ్బరంగా ఉంది.

మోటార్లు విప్పి ఆరబెట్టడం మా బావమరిది చూసుకున్నాడు. కలప నేను చూసుకున్నాను. మంచినీళ్లతో బురద కడిగి, కింద ఇటుకలు పెట్టి, బల్లకీ బల్లకీ మధ్య అంగుళం రీపర్లు, అంటే సన్న చెక్క పట్టీలు, వేసి నీడలో పేర్చాను. చాలామంది ఎండలో పెట్టమని చెప్పారు, మంచి మనసుతోనే చెప్పారు. ఎండలో పెడితే పైన ఆరి లోపల తడి ఉండిపోయి పగుళ్లు తీస్తుంది. కొసల నుంచి నీళ్లు ఇంకా తొందరగా పోతాయి, అందుకని కొసలకి మైనం పూశాను. ఆరిందో లేదో తెలియడానికి ఒక ముక్కకి గుర్తు పెట్టి వారం వారం మా వీధి కిరాణా కొట్లో కాటా మీద తూచేవాణ్ణి. కొట్టాయన కూడా ఆత్రంగా ఎదురుచూసేవారు, "ఈ వారం ఎంత తగ్గిందండీ?" అని. బరువు తగ్గడం ఆగితేనే కలప చుట్టూ ఉన్న గాలితో సరిపడినట్టు. సంక్రాంతి దాటాకే రంపం పెట్టాను. అద్దె షాపైతే అన్ని నెలలు ఆ కలప మూలన కూర్చోనిచ్చేది కాదు.

వడ్రంగులు పీఎం విశ్వకర్మ పథకంలో ఉన్న 18 వృత్తుల్లో ఉన్నారు. పనిముట్లకి 15,000 రూపాయల దాకా, 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష, తర్వాత రెండు లక్షల దాకా అప్పు ఇస్తారు. ఇంట్లో పని చేసుకునేవాళ్లు కనుక్కోండి, ఆ వడ్డీకి బయట ఎక్కడా పుట్టదు.

ఇంట్లో పని అంటే ఇరుగుపొరుగుతో పని. నివాస ప్రాంతాల్లో పగటి పూట శబ్దం 55 డెసిబెల్స్ దాటకూడదని నియమం. నా రంపం పక్కన నిలబడితే అంతకంటే చాలా ఎక్కువ. కాబట్టి మెషీన్ పని పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకానే. మధ్యాహ్నం పక్కింటి పిన్నిగారు నిద్రపోతారు, అప్పుడు చిత్రిక, ఉలి, రుద్దుడు. పరీక్షల రోజుల్లో ఎదురింటి అమ్మాయి కోసం మెషీన్ ఇంకా తగ్గిస్తాను. వాళ్లు నన్ను ఎప్పుడూ ఆపమనలేదు, అందుకే ఆ హద్దు నేనే పెట్టుకున్నాను.

పొట్టు విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. చెక్క దుమ్ము క్యాన్సర్ తెచ్చేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఎప్పుడో తేల్చింది. టేకు దుమ్ముకి కొందరికి దురద, తుమ్ములు కూడా. రంపం కిందే గొట్టం పెట్టి డ్రమ్ములోకి లాగిస్తాను, ఎన్95 మాస్కు లేకుండా ఎవరినీ షెడ్డులో నిలబడనివ్వను, పని చూద్దామని వచ్చినవాళ్లని కూడా. పాలిష్‌కి వాసన ఘాటుగా ఉండే రకాలు మానేసి అవిసె నూనె, తేనె మైనం వాడుతున్నాను. ఇందులోనూ ఒక ప్రమాదం ఉంది. అవిసె నూనె తుడిచిన గుడ్డలు ముద్దగా చుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. మన ఎండలకి, పక్కనే పొట్టు డ్రమ్ము ఉన్న షెడ్డుకి, ఇంకేం కావాలి? గుడ్డలు విడివిడిగా ప్రహరీ గోడ మీద ఆరేసి, గట్టిపడ్డాకే పారేస్తాను.

డబ్బు గురించి కూడా అడుగుతుంటారు. కలప ఖర్చుకి సరిపడా ముందు తీసుకుంటాను, మిగతాది వస్తువు ఇంటికి చేరాక. లెక్కలు మా ఆవిడ రాస్తుంది. ఎప్పటికి ఇస్తారని ఆమెను అడిగితే "చెక్కని అడిగి చెబుతానండీ" అనదు, కచ్చితంగా నెల చెబుతుంది, ఆ నెలలో ఇస్తాం. పెళ్లికనో గృహప్రవేశానికనో పది రోజుల్లో కావాలంటే మాత్రం వద్దనే చెబుతాం.

ఈ మధ్య ఎవరి ఇల్లు పడగొడుతున్నారని తెలిసినా ముందే వెళ్లి ఒక మాట చెప్పి వస్తున్నాను, ఇక్కడా చెబుతాను. జేసీబీ రాకముందే ద్వారబంధాలు, తలుపులు, దూలాలు మనుషుల చేత ఊడదీయించండి. కమ్ముల్ని మధ్యకి కోయించకండి, గోడ పగలగొట్టి నిండుగా తీయించండి. ఏ గుమ్మం ఎక్కడిదో వెనకవైపు సుద్దముక్కతో రాసిపెట్టండి. పడమటి గదిది, వంటింటిది అని. తర్వాత అన్నదమ్ములు పంచుకునేటప్పుడు అది కావాలి. నేల మీద కాకుండా ఇటుకల మీద, నీడలో పెట్టండి, పైన పట్ట కప్పినా పక్కల గాలి ఆడనివ్వండి. ఏం చేయించుకోవాలో అప్పుడే తేలకపోయినా పరవాలేదు. ఏడాది తర్వాత తెచ్చినా పని చేసి పెడతాను.